జైలు గేటు దాటాక రెండు వారాలు

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 1999 నుంచి 2003 దాకా జైళ్ల నుంచి విడుదలైన 30 వేల మందికి పైగా మనుషులు ఆ తర్వాత ఏమయ్యారో కొందరు డాక్టర్లు రికార్డులు తిరగేసి చూశారు. బయటికొచ్చిన మొదటి రెండు వారాల్లో వాళ్లు చనిపోయే ప్రమాదం ఆ రాష్ట్రంలోని మామూలు జనంతో పోలిస్తే 12 రెట్లు దాటింది. మత్తుమందు మోతాదు మించి చనిపోవడం ఒక్కటే లెక్కేస్తే 129 రెట్లు. ఈ అధ్యయనం 2007లో అచ్చయింది. జైలు వైద్యం గురించి ఎవరు మాట్లాడినా ముందు ఈ అంకెకు జవాబు చెప్పాలి.

ఇలా ఎందుకు జరుగుతుందో డాక్టర్లకు ఎప్పుడో తెలుసు. హెరాయిన్, ఫెంటనిల్, నొప్పి బిళ్లలు... నల్లమందు జాతికి చెందినవి ఏవైనా సరే, రోజూ వాడే మనిషి ఒంటికి అలవాటైపోతాయి. కొత్తవాడి ప్రాణం తీసే మోతాదు, ఏళ్లుగా వాడుతున్న మనిషికి లేచి పని చేసుకోవడానికి మాత్రమే సరిపోతుంది. జైల్లో పడ్డాక సరుకు దొరకదు, దొరికినా ఎప్పుడో ఒకసారి. కొన్ని వారాల్లోనే ఒంటికి ఆ ఓర్పు పోతుంది. కోరిక మాత్రం పోదు. విడుదలైన సాయంత్రం పాత చోటికే వెళ్లి, పాత మోతాదే తీసుకుంటాడు. ఊపిరి ఆగిపోతుంది. కాబట్టి జైల్లో పెట్టి మాన్పించామని సంతోషించే వ్యవస్థ, మాన్పించకపోగా ఆ మనిషిని మునుపటి కంటే పెద్ద ప్రమాదంలోకి నెట్టి చేతులు దులుపుకుంటోంది.

ఇది చావుల సంగతి. దానికి ముందు పడే బాధ ఒకటుంది, అది ఏ లెక్కలోనూ కనబడదు. అరెస్టయి జైలుకు చేరిన మొదటి రాత్రి, మత్తుమందు ఆగిపోవడంతో, అది ఆవలింతలతో మొదలవుతుంది. కళ్ల వెంట, ముక్కు వెంట నీళ్లు కారతాయి. ఒళ్లంతా గగుర్పొడుస్తుంది, వణికించే చలి, ఆ వెంటనే చెమటలు. కడుపులో మెలిపెట్టే నొప్పి, వాంతులు, విరేచనాలు. కాళ్లు వాటంతటవే ఎగిరెగిరి పడుతుంటే కంటిమీద కునుకు ఉండదు. కిక్కిరిసిన బ్యారక్‌లో, అందరికీ కలిపి ఉన్న ఒక్క మరుగుదొడ్డి ముందు, పదిమంది చూస్తుండగా ఇదంతా జరుగుతుంది. రెండో రోజు, మూడో రోజు మరీ ఎక్కువ. వాంతులూ విరేచనాలతో ఒంట్లో నీరంతా పోయి, సెలైన్ ఎక్కించే దిక్కులేక అమెరికా జైళ్లలో చనిపోయినవాళ్లు ఉన్నారు. ‘నాటకాలాడుతున్నాడు’, ‘తిక్క కుదరనీ’ అన్న మాటలు విని ఊరుకున్న ప్రతి చోటా ఈ ప్రమాదం ఉంది.

ఈ బాధకూ ఆ చావుకూ మందు ఉంది. మెథడోన్‌తో వైద్యం చేయవచ్చని న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్, మేరీ నైస్‌వాండర్ అనే ఇద్దరు డాక్టర్లు 1960లలోనే చూపించారు. హెరాయిన్ మెదడులో ఎక్కడ పనిచేస్తుందో మెథడోన్ కూడా అక్కడే పనిచేస్తుంది, కానీ నిదానంగా, రోజంతా. ఆ తర్వాత వచ్చిన బ్యుప్రెనార్ఫిన్‌కు ఇంకో గుణం ఉంది: ఒక హద్దు దాటాక మోతాదు పెంచినా దాని ప్రభావం అంతగా పెరగదు. అందుకే దానితో ఊపిరి ఆగిపోయే ప్రమాదం తక్కువ. మూడోది నాల్ట్రెక్సోన్. ఇది మత్తును అడ్డుకుంటుందే తప్ప కొత్తగా ఏ మత్తూ ఇవ్వదు. అందుకే చాలా జైళ్లకు ఇదంటే ముద్దు. కానీ ఇది మొదలు పెట్టాలంటే ముందు మత్తుమందు పూర్తిగా మానేసి ఉండాలి. విలవిల్లాడుతున్న మనిషికి మొదటి రాత్రి పనికొచ్చేది ఇది కాదు.

వీటిలో ఏది ఎవరికి సరిపడుతుందో తేల్చాల్సింది డాక్టరు, జైలరు కాదు. ఆ మాట ఆచరణలో పెట్టిన అమెరికా రాష్ట్రం రోడ్ ఐలాండ్. జనాభా 11 లక్షలు, అంటే మన ఒక మోస్తరు జిల్లా కంటే తక్కువ. విచారణ ఖైదీలు, శిక్ష పడినవాళ్లు అందరూ అక్కడ ఒకే శాఖ కింద, క్రాన్‌స్టన్ పట్టణంలోని జైళ్లలో ఉంటారు. 2016లో ఆ శాఖ ఈ మూడు మందులూ ఇవ్వడం మొదలుపెట్టింది. బయట వైద్యం తీసుకుంటూ వచ్చినవాళ్లకు ఆపకుండా కొనసాగించింది. లేనివాళ్లకు కొత్తగా మొదలుపెట్టింది. విడుదలయ్యాక ఏ క్లినిక్‌కు వెళ్లాలో ముందే ఏర్పాటు చేసింది. 2016 మొదటి ఆరు నెలల్లో ఆ రాష్ట్రంలో మోతాదు మించి చనిపోయిన 179 మందిలో 26 మంది అంతకు ముందు ఏడాదిలోపు జైలు నుంచి వచ్చినవాళ్లు. 2017 మొదటి ఆరు నెలల్లో చనిపోయిన 157 మందిలో అలాంటివాళ్లు 9 మంది. రాష్ట్రం చిన్నది, అంకెలూ చిన్నవే. కానీ ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ జైళ్లలో ఎక్కువ కాలం, ఎక్కువ మందిని గమనించినప్పుడూ ఇదే కనబడింది. ఈ వైద్యం అందుతున్న రోజుల్లో ఖైదీలు లోపల చనిపోయే ప్రమాదం 74 శాతం తక్కువ. జైలుకొచ్చిన మొదటి నాలుగు వారాల్లో అయితే 94 శాతం తక్కువ. ఇంగ్లండ్‌లో విడుదలైన మొదటి నెల లెక్క తీస్తే, జైల్లో ఈ వైద్యం తీసుకుంటూ బయటికొచ్చినవాళ్లలో అన్ని రకాల మరణాలూ కలిపి 75 శాతం తక్కువ. మూడు ఖండాల్లో లెక్కలు ఒకే వైపు చూపిస్తున్నాయి. ఇంకా ‘ఆలోచిద్దాం’ అంటే నాకు కోపం వస్తుంది.

‘ఒక మత్తు మాన్పించి ఇంకో మత్తు అంటగడుతున్నారు’ అనే అభ్యంతరం ఎక్కువగా వినిపిస్తుంది. సరైన మోతాదులో ఈ మందు మీద ఉన్న మనిషి తూలడు, జోగడు. పొద్దున మందు వేసుకుని పనికి వెళ్తాడు, పిల్లల్ని బడిలో దింపుతాడు. క్షయకు మందు బిళ్లలు వాడుతున్న మనిషి జైలుకొస్తే మనం ఆ బిళ్లలు లాక్కోం కదా. లోపల కూడా రోజూ ఇప్పిస్తాం, ఆపితే రోగం ముదురుతుందని మనకు తెలుసు కాబట్టి. ఇక్కడా అంతే.

రెండో అభ్యంతరం జైలు సిబ్బందిది, దాన్ని తేలిగ్గా తీసిపారేయను. ఖైదీ మందు మింగినట్టు నటించి దాచుకుని, పక్క బ్యారక్‌లో అమ్ముకుంటాడని వాళ్ల భయం. ఇది జరుగుతుంది. అందుకే పద్ధతిగా నడిపే జైళ్లలో మందు ఇచ్చే గది చూడాలి. ఖైదీలను కొద్దికొద్దిమందిగా పిలుస్తారు. నోరు తడుపుకోవడానికి నీళ్లిస్తారు. బ్యుప్రెనార్ఫిన్ అయితే నర్సు నాలుక కిందే పెడుతుంది. చేతులు బల్ల మీదో మోకాళ్ల మీదో కనబడేలా పెట్టుకుని, మాటామంతీ లేకుండా కరిగేదాకా కూర్చోవాలి. ఆ తర్వాత నోరు తెరవాలి, నాలుక పైకెత్తాలి, బుగ్గలు వెనక్కి లాగి చూపించాలి. గార్డు టార్చి వేసి చూస్తాడు. మళ్లీ నీళ్లు తాగించి పంపుతారు. దీనికి సమయం పడుతుంది, మనుషులు కావాలి. ఖర్చూ అవుతుంది. దొంగచాటుగా ఈ మందు కొనుక్కునేవాళ్లలో చాలామంది వైద్యం అందక, ఆ బాధ తట్టుకోలేక కొంటున్నవాళ్లేనన్న సంగతి కూడా సిబ్బంది చూడాలి.

కొన్నిచోట్ల కోర్టులు చెబితే గానీ జైళ్లు కదల్లేదు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో మెథడోన్ మీద ఉన్న ఒక మనిషికి జైల్లో దాన్ని ఆపకూడదని ఫెడరల్ కోర్టు 2018లో ఆదేశించింది. మరుసటి ఏడాది మెయిన్ రాష్ట్రంలో ఒక మహిళకు బ్యుప్రెనార్ఫిన్ విషయంలో అలాంటి ఆదేశమే వచ్చింది. ఆమెకు పడిన శిక్ష 40 రోజులు. ఆ 40 రోజులు మందు మానేసి బయటికొస్తే ఏమవుతుందో పైన చెప్పిన లెక్కల్లో ఉంది.

మన దేశానికీ ఇది కొత్త కాదు. తిహార్ జైల్లో ఎయిమ్స్ వైద్యుల సాయంతో 2008లోనే బ్యుప్రెనార్ఫిన్ వైద్యం మొదలైంది. పంజాబ్ 2017లో ఉచితంగా ఈ మందు ఇచ్చే కేంద్రాలు తెరవడం మొదలుపెట్టింది, జైళ్లలోనూ పెట్టింది. తెలుగు రాష్ట్రాల్లో మత్తు కేసులంటే ఎక్కువగా గంజాయే, దానికి ఈ మందులు పనికిరావు. ఆ మాట ఒప్పుకోవాలి. అయితే ట్రమడాల్, టపెంటడాల్ లాంటి నొప్పి బిళ్లలకు బానిసలైన కుర్రాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు. ఎయిమ్స్ 2019 సర్వే ప్రకారం దేశంలో నల్లమందు జాతి మందులు వాడేవాళ్లు 2 కోట్లకు పైనే. అలవాటైన మందు ఉన్నట్టుండి ఆగిపోతే మనిషి ఏమవుతాడో హైదరాబాద్‌కు ఎవరూ చెప్పక్కర్లేదు. 2020 లాక్‌డౌన్‌లో కల్తీ కల్లు దొరక్క ఫిట్స్‌తో, పిచ్చి చూపులతో వచ్చినవాళ్లతో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి నిండిపోయింది. ఆ కల్లులో కలిపే మత్తుమందు వేరు, దాని వైద్యం వేరు. కానీ అలాంటి మనిషే ఆ రోజు ఆసుపత్రికి బదులు రిమాండ్‌కు వెళ్లి ఉంటే, గుర్తుపట్టే డాక్టరు అక్కడ ఉండేవాడా?

మన జైళ్ల విషయంలో ఇంకో చిక్కుంది. దేశంలోని ఖైదీల్లో నూటికి 70 మందికి పైగా విచారణ ఖైదీలు. వాళ్ల విడుదల తేదీ జైలుకు కూడా తెలియదు. పొద్దున కోర్టులో బెయిలొస్తుంది, సాయంత్రం కాగితం జైలుకు చేరుతుంది, చీకటి పడేలోపు మనిషి రోడ్డు మీద ఉంటాడు. అందుకే ‘విడుదలకు ముందు కౌన్సెలింగ్’ అనే ఏర్పాటు వీళ్లకు అక్కరకు రాదు. జైల్లో అడుగుపెట్టిన రోజే వైద్యం మొదలు కావాలి, ఎందుకంటే ఏ రోజైనా అదే ఆఖరి రోజు కావచ్చు.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక సమస్యలను జబ్బుగానే గుర్తించింది. ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైల్లో మానసిక వైద్య కేంద్రం ఉండాలంది, జైలు డాక్టర్లకు శిక్షణ ఇవ్వాలంది. ఐక్యరాజ్యసమితి మండేలా నియమాలు క్షయ, హెచ్‌ఐవీల సరసన మత్తుకు బానిసవడాన్నీ చేర్చి, వైద్యం మధ్యలో తెగిపోకూడదని చెప్పాయి. రెండు తెలుగు రాష్ట్రాల జైళ్ల శాఖలను, ఆరోగ్య శాఖలను నేను అడిగేది ఇంతే. చర్లపల్లి, చంచల్‌గూడ, రాజమండ్రి సెంట్రల్ జైళ్లలో కొత్త ఖైదీకి బీపీ చూసే బల్ల దగ్గరే ‘ఏం వాడేవాడివి, ఆఖరిసారి ఎప్పుడు’ అని శిక్షణ పొందిన మనిషి అడగాలి. ఆ జవాబు పోలీసు ఫైలులోకి కాక వైద్యుడి ఫైలులోకి పోవాలి. మందు అవసరమైతే ఆ రాత్రే అందాలి. బెయిలు కాగితం వచ్చిన సాయంత్రం ఆ మనిషి చేతికి సామానుతో పాటు మందు చీటీ, మరుసటి రోజు పొద్దున వెళ్లాల్సిన ప్రభుత్వాసుపత్రి పేరు ఇచ్చి పంపాలి.