గడువును మించిన అప్పు

మన ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలలో పట్టభద్రుడైన యువకుడు ఎదురుపడితే పెద్దలు అడిగే ప్రశ్న మారిపోయింది. పూర్వం “ఉద్యోగం ఎక్కడ?” అని అడిగేవారు. నేడు “అమెరికాకు ఎప్పుడు?” అంటున్నారు. దీనిని నేను తప్పుపట్టను. పత్తి ధర మీద, కాలువ నీటి మీద బ్రతుకును ఆనించుకున్న ప్రాంతమిది. బిడ్డ విదేశాలలో చదివి స్థిరపడవలెనని తల్లిదండ్రులు కోరుకొనుట సహజమే. 2023-24 విద్యాసంవత్సరంలో అమెరికా లెక్కలలో చేరిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వారిలో 97,556 మంది చదువు ముగించి తాత్కాలిక అనుమతిపై ఉన్నవారే. ఆ అనుమతి పేరు ఓపీటీ. విద్యార్థి మిత్రులతోను, కళాశాల కమిటీ పెద్దలతోను నేను మనవి చేయదలచినదంతా ఈ మూడక్షరాల గురించే.

చదివిన శాస్త్రంలో చేతిపని అలవడుటకై విద్యార్థి వీసా కిందనే ఇచ్చే అనుమతి ఇది. 1992 నాటి నిబంధన ప్రకారం దీని కాలం 12 నెలలు. విజ్ఞాన, సాంకేతిక, ఇంజనీరింగు, గణిత శాస్త్రాల వారికి 2008లో మరి 17 నెలలు కలిపారు. ప్రజాభిప్రాయం సేకరించకుండా ఆ పెంపు చేశారన్న కారణంతో 2015లో ఒక న్యాయస్థానం దానిని కొట్టివేసింది. 2016లో కొత్త నిబంధన వచ్చి, పెంపు 24 నెలలయింది. ఈ అనుమతే చెల్లదని దాఖలైన వ్యాజ్యాన్ని 2022లో అప్పీలు న్యాయస్థానం త్రోసిపుచ్చగా, 2023లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకొనుటకు నిరాకరించింది. అంటే అనుమతి నిలిచింది. కాని ఇది అక్కడి చట్టసభ చేసిన శాసనం కాదు, ఒక ప్రభుత్వశాఖ వ్రాసుకున్న నిబంధన అన్న సంగతి మరువరాదు. బ్రిటన్‌లో ఇటువంటి ద్వారాన్నే 2012లో మూసి, 2021లో తిరిగి తెరిచారు. ఆ నడుమ పట్టా పుచ్చుకున్నవారి అదృష్టం ఏమనాలి?

షరతులను కూడా గమనించవలె. మొదటి 12 నెలలలో పనిలేని దినాలు మొత్తం 90 దాటరాదు. పొడిగింపు పొందినవారికి అన్నీ కలిపి 150. చేసే పని చదివిన విషయానికి సంబంధించినదై ఉండాలి. ఆపైన నిలవదలచినవారిలో అత్యధికులు ఆశ పెట్టుకునేది ఎచ్‌-1బి వీసా మీద. దాని వార్షిక పరిమితి 65,000. అక్కడ పై పట్టా పొందినవారికి మరి 20,000. అర్జీలు అంతకంటె ఎంతో అధికంగా వస్తున్నందున అర్హులందరికీ అది దక్కదు. ఉర్దూలో హక్ వేరు, మొహలత్ వేరు. తెలుగులో హక్కు వేరు, గడువు వేరు. ఓపీటీ గడువు మాత్రమే.

మన పడమటి మండలాల కూలీలు ఏటా సుగ్గికి పోతారు. గుంటూరు సీమకు మిరప కోతకు బయలుదేరే కుటుంబానికి కోత ఎన్నాళ్ళుంటుందో తెలుసు. మేస్త్రీ వద్ద తీసుకున్న అడ్వాన్సు ఆ కోతతో తీరుతుందో లేదో లెక్కవేసుకొనియే మూట కట్టుకుంటుంది. అక్షరం రాని తల్లి వేసే ఆ లెక్కను పట్టభద్రుడైన కుమారుడు వేయకపోవడం నాకు విచిత్రంగా తోస్తుంది.

ఆ లెక్క కఠినమైనదేమీ కాదు. ఉదాహరణకు 30 లక్షల రుణం, నూటికి ఏటా 11 వడ్డీ, పదేండ్ల వాయిదాలు అనుకుందాం. నెలకు సుమారు 41,000 రూపాయలు కట్టవలసి ఉంటుంది. విద్యారుణాలకు బ్యాంకులు సాధారణంగా ఇచ్చే విరామం చదువుకాలం, ఆపైన ఒక సంవత్సరం. మొదటి ఓపీటీ కూడ సంవత్సరమే. రెండు గడువులూ ఇంచుమించు ఒక్కసారే తీరుతాయి. విరామకాలపు వడ్డీని అల్పసంఖ్యాక వర్గాల విద్యార్థుల పక్షాన కేంద్ర ప్రభుత్వం భరించిన ‘పఢో పరదేశ్’ పథకం 2022-23 నుండి నిలిచిపోయింది. ఇంకను దానిని నమ్ముకున్న ఇంటివారు ఈ సంగతి ఎరుగవలె. కనుక నా అభిప్రాయం ఇది: అప్పును డాలర్ల జీతంతో కొలవరాదు. గడువు తీరి తిరిగి వస్తే బెంగుళూరులోనో హైదరాబాదులోనో దొరికే జీతంతో తీర్చగలిగినంతే తేవాలి. దానితో సరిపడని విశ్వవిద్యాలయాన్ని, అది ఎంత పేరున్నదైనా, వదలుకోవాలి.

పేదవాడు అప్పు లేనిదే కదలగలడా అని కొందరు అడుగుతారు. కదలలేడు. అందుకే జర్మనీ వంటి దేశాలనూ చూడమంటాను. అక్కడ చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో బోధనా రుసుము లేదు. చదువు ముగిశాక ఉద్యోగం వెదకుకొనుటకు 18 నెలలు ఇస్తారు. భాష నేర్వవలసిన శ్రమ ఉన్నది, నిజమే. రెండు లిపులలో ఉత్తరం వ్రాయగల మన విద్యార్థులకు మూడవది భారమా?

పని అనుమతినే చదువుగా భ్రమించినందున ఏమైనదో తెలుగువారు రెండుమార్లు చూశారు. కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయం చేరిన నాటినుండే పనిచేయుటకు అనుమతిపత్రాలు ఇస్తూ వచ్చింది. 2011 జనవరిలో అధికారులు దాడిచేసి దానిని మూయించారు. విద్యార్థులలో అధికులు ఆనాటి ఆంధ్రప్రదేశ్ వారే. కొందరి కాళ్ళకు రేడియో పరికరాలు తగిలించారు. స్థాపకురాలికి 2014లో పదహారేండ్లకు పైగా శిక్ష పడినది, కాని విద్యార్థుల సొమ్ము, కాలం ఎవరు తిరిగి ఇవ్వగలరు? 2019లో బయటపడిన మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం ఇంకా విచిత్రం. అది అధికారులే వలగా నెలకొల్పినది. అందులో తరగతులే లేవు. అటువంటి వల పన్నుట ధర్మమా అన్నది వేరే చర్చ. తరగతి లేని చోట రుసుము ఎందుకు కట్టామని అడుగనివారు వందలమంది ఉన్నారన్నదే నన్ను కలవరపెడుతున్నది.

ఇక కమిటీ పెద్దలకు ఒక విన్నపం. ప్రవేశపత్రం, బ్యాంకు కాగితం, వీసా షరతులు మూడూ ఇంగ్లీషులోనే ఉంటాయి. పొలమో ఇల్లో తాకట్టు పెట్టే తండ్రికి వాటిని చదివి వినిపించేవాడు సాధారణంగా దళారియే. సంతకానికి ముందు ఆయనకు తెలిసిన భాషలో మరొకరు చదివి చెప్పే ఏర్పాటు కళాశాలలో ఉండాలి. దీనికి నిధులు అవసరం లేదు. వారానికి ఒక సాయంత్రం గ్రంథాలయపు గది చాలు. తెలుగులో చదివి చెప్పే పని నేను చేస్తాను. ఉర్దూ శాఖ నుండి ఒకరు, వడ్డీ లెక్క చూచుటకు వాణిజ్యశాఖ నుండి మరొకరు కావాలి.