గెలవని పిల్లల లెక్క ఎవరి దగ్గరుంది?

నార్వే జనాభా సుమారు 55 లక్షలు. మన హైదరాబాద్ కంటే తక్కువే. అయినా 2018, 2022 శీతాకాల ఒలింపిక్స్‌లో పతకాల పట్టికలో మొదటి స్థానం ఆ దేశానిదే. 2022లో 16 స్వర్ణాలతో కలిపి మొత్తం 37 పతకాలు గెలిచింది. ఇన్ని గెలిచే దేశం పసివయసు నుంచే పిల్లల్ని తోముతుందని అనుకుంటాం. కానీ అక్కడ పిల్లలకు 11 ఏళ్లు వచ్చేదాకా ఎవరు మొదట, ఎవరు చివర అన్న జాబితాలే వేయకూడదు. 13 ఏళ్లలోపు వారికి జాతీయ చాంపియన్‌షిప్‌లు లేవు. 1987 నుంచే పిల్లల ఆటలకు ప్రత్యేక నిబంధనలు పెట్టుకున్నారు.

రెండో దారి ఎటు పోతుందో బీజింగ్‌లో చూశాం. రష్యా స్కేటర్ కమీలా వలియేవాకు అప్పుడు 15 ఏళ్లు. డోపింగ్ వివాదం నడుస్తుండగానే ఆడి, పదేపదే పడిపోయి, నాలుగో స్థానంలో మిగిలింది. మంచు దిగి వస్తున్న పిల్లను ఓదార్చడానికి ముందే కోచ్ నిలదీయడం టీవీల్లో లోకమంతా చూసింది. 2024లో నాలుగేళ్ల నిషేధం వచ్చి పడింది ఆ అమ్మాయి మీదే. సీనియర్ స్కేటింగ్‌లో కనీస వయసును 15 నుంచి 17కు పెంచాలన్న నిర్ణయం ఆ ఒలింపిక్స్ తర్వాతే జరిగింది.

మన సంగతి చూద్దాం. హైదరాబాద్ దగ్గర హకీంపేట క్రీడా పాఠశాలలో ప్రవేశం 4వ తరగతికే. ఎత్తు, బరువు, పరుగు కొలిచి మార్కులు వేసి ఎంపిక చేస్తారు. నార్వేలో జాబితా వేయకూడని వయసది. అలాగని దాన్ని తప్పు పట్టడానికి మాకు మనసొప్పదు. కూలికి వెళ్లే తల్లి బిడ్డకు ఆ హాస్టల్ అంటే కడుపునిండా తిండి, చదువు. నార్వే పిల్లలకు అవి ఇంట్లోనే దొరుకుతాయి.

ఖేలో ఇండియాకు ఎంపికైన క్రీడాకారులకు నెలకు రూ.10,000 చేతి ఖర్చులకు ఇస్తున్నారు, మంచిదే. పతకం తెస్తే ప్రభుత్వాలు నగదు, స్థలాలు ప్రకటిస్తాయి. మనమూ ఆదివారం ఆరాధనలో శాలువా కప్పుతాం. మోకాలు దెబ్బతిని 16 ఏళ్లకే ఇంటికి చేరిన పిల్లవాడు మాత్రం వెనక వరుసలో కూర్చుంటాడు. ఆటలో పోయిన చదువును మళ్లీ ఎక్కడ అందుకోవాలో అతనికి చెప్పేవారుండరు.

ఎంతమంది చేరారు, ఎంతమంది మధ్యలో వెళ్లిపోయారు, ఇప్పుడేం చదువుతున్నారు అన్నది క్రీడా పాఠశాలలు ఏటా ప్రకటించాలి. గాయమైతే వైద్యం ఖర్చు ఎవరిదో చేర్చుకునే రోజే రాసివ్వాలి. ఎంపిక పరీక్షలకు పిల్లల్ని తీసుకెళ్లే తల్లిదండ్రులు మన సంఘాల్లోనూ ఉన్నారు. సంతకం పెట్టేముందు వారు ఈ రెండూ అడగాలి.