ఒక్క తప్పుకు అంతా చెరిపివేయవద్దు



పెండ్లిండ్లకు డీజే పెట్టే తమ్ముడొకడు మొన్న దిగులుగా వచ్చాడు. "అయ్యగారూ, గంటసేపు పాటలు కలిపి రికార్డు చేశాను. ఒకచోట పాట మారేటప్పుడు దరువు తప్పింది. అంతా చెరిపేసి మళ్ళీ మొదలుపెడతాను" అన్నాడు. "తొందరపడకు బాబూ" అన్నాను. ఇది మీలో మరికొందరికి పనికివస్తుంది గనుక వ్రాస్తున్నాను.

మొదట అసలు రికార్డింగును భద్రపరచి, దాని నకలు మీదనే పనిచేయండి. 2000 సంవత్సరం నుండి ఉచితంగా దొరుకుతున్న 'ఆడాసిటీ' వంటి ప్రోగ్రాము ఇందుకు చాలు. ఒకచోట శబ్దం హెచ్చితే ఆ భాగం మట్టుకే తగ్గించండి. అనవసరమైన ముక్కను తీసేటప్పుడు దరువు లెక్క చూడండి. నిమిషానికి 120 దెబ్బలున్న పాటలో నాలుగు దెబ్బలకు 2 సెకన్లు. గనుక 2 గాని 4 గాని 8 గాని తీయాలి. ఒకటింపావు తీస్తే నడక కుంటుతుంది. అతుకు దగ్గర 'టక్కు'మంటే, మొదటి ముక్క తగ్గుతుండగా రెండవది పెరిగేలా కొద్దిగా కలపండి.

అయితే మన తమ్ముని తప్పు వేరు. రెండు పాటలు కలిసి మోగేచోట దరువులు విడిపోతే కోతతో బాగుపడదు. ఆ ఒక్క కలయికనే తిరిగి వాయించి అతికించాలి. అతడు అలాగే చేశాడు. ఒక్క సాయంత్రంలో పని ముగిసింది, గంట శ్రమ నిలిచింది.

ఒక్క మాట మరువకండి. దిద్దినదానిని "ఏకధాటిగా వాయించాను" అని చెప్పుకోవద్దు. దిద్దుకొనుట సిగ్గు కాదు, దాచుటే సిగ్గు.