ముందు ఊరు, తరువాత జైలు

అండమాన్ యాత్రకు వెళ్ళినవారిలో చాలామంది దిగిన సాయంత్రమే సెల్యులార్ జైలుకు పోతారు. దీపాల వెలుగులో అక్కడి కథ వింటారు, కళ్ళు తుడుచుకుంటారు, మరునాడు తెల్లవారగానే సముద్రస్నానానికి బయలుదేరుతారు. ఇందులో తప్పేమీ లేదు. కాని ఒక ముఖ్యమైన సంగతి మాత్రం వారి దృష్టికి రాకుండానే పోతుంది. ఆ జైలు పూర్తయినది 1906లో. ఖైదీలను ఈ దీవులకు తేవడం మొదలైనది 1858లో. అంటే దాదాపు అర్ధ శతాబ్దం పాటు ఆ జైలు లేకుండానే వేలాదిమంది ఇక్కడ శిక్ష అనుభవించారు. అప్పుడు వారికి ఈ రేవే చెరసాల. కొండ, అడవి, నీరు, ఇవే గోడలు.

కనుక ఈ నగరాన్ని చూడదలచినవారికి మా మనవి ఒక్కటే: ముందు ఊరు చూడండి, తరువాత జైలు చూడండి.

2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్ అని పిలువబడిన ఈ నగరానికి ఇప్పుడు శ్రీవిజయపురం అని పేరు. చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నం రేవుల నుంచి ఓడలు వస్తాయి. ఓడప్రయాణానికి సుమారు మూడు రోజులు పడుతుంది. విమానంలోనైతే చెన్నై నుంచి రెండు గంటల పైచిలుకు. తెలుగువారికి ఇక్కడ భాష కొరత లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో నూటికి 13 మంది మాతృభాష తెలుగే. డైరీ ఫార్మ్, దాని పొరుగున ఉన్న జంగ్లీఘాట్ వంటి పేటలలో బస చేసినవారికి చేపల రేవు దగ్గర ఉత్తరాంధ్ర యాస చెవిన పడుతుంది. ఊరిలోని పేటల పేర్లు కూడా గమనించదగినవి. శిక్షాకాలంలో పెళ్ళి చేసుకొని కాపురం పెట్టడానికి అనుమతి పొందిన ఖైదీలు నివసించినందున షాదీపూర్‌కు ఆ పేరు వచ్చినదని చెబుతారు.

తెలుగువారు ఈ నేలపై కాలు పెట్టడానికి మరొక పాత కారణమున్నది. 1879–80లో గోదావరి ఏజెన్సీలో చెలరేగిన రంప తిరుగుబాటులో శిక్షపడిన కొండదొరలను, గిరిజనులను ప్రభుత్వం అండమాన్‌కు పంపినది. అప్పటికి సెల్యులార్ జైలుకు పునాదులైనా పడలేదు. వారిని తలచుకొనడానికి మనకు ఈ రేవూ కొండలూ తప్ప వేరే చోటు లేదు.

యాత్రను చాథమ్ నుంచి ప్రారంభించండి. 1789లో ఆర్కిబాల్డ్ బ్లెయిర్ మొదటి వలసను స్థాపించినది ఈ చిన్న దీవిలోనే. ఆ వలస కొద్ది సంవత్సరాలలోనే ఉత్తరానికి తరలిపోయి, జ్వరాల బారినపడి, 1796లో మూతపడినది. మళ్ళీ 1858 మార్చి 10న డాక్టర్ వాకర్ రెండు వందలమంది ఖైదీలతో వచ్చి ఇక్కడే దిగాడు. వారిలో చాలామంది 1857 తిరుగుబాటులో పట్టుబడినవారు. నేడు చాథమ్‌ను ఒక వంతెన ఊరితో కలుపుతున్నది. 1883లో స్థాపించిన కోతమిల్లు ఇక్కడ ఉన్నది. పడౌక్ దుంగలు పలకలుగా మారే తీరును దగ్గరగా చూడవచ్చు. రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబు పడిన గొయ్యి కూడా ఆ ఆవరణలోనే ఉన్నది.

చాథమ్‌లో మంచినీరు చాలనందున వాకర్ తన మకాంను రాస్ దీవికి మార్చాడు. 1941 వరకు అదే పరిపాలనా కేంద్రం. 2018లో దానికి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అని పేరు పెట్టారు. అబర్డీన్ జెట్టీ దగ్గర పడవ ఎక్కితే పావుగంటలో చేరవచ్చు. చర్చి, రొట్టెల భట్టీ, చీఫ్ కమిషనర్ భవనం, అన్నీ కూలి ఉన్నవి. మర్రిజాతి చెట్ల వేళ్ళు ఇటుక గోడలను పాములవలె చుట్టి నిలబెట్టినవి. ఆ వేళ్ళను ఊడదీస్తే గోడలు నిలవవు. జింకలు, నెమళ్ళు యాత్రికులను చూచి బెదరకుండా తిరుగుతాయి. దొరలు విందులు చేసుకొన్న ఈ దీవిలో రాళ్ళు మోసినవారు, గోడలు కట్టినవారు ఖైదీలే.

అబర్డీన్ వద్ద మరొక స్మారక చిహ్నమున్నది. 1859 మే నెలలో గ్రేట్ అండమానీలు తమ అడవులను నరుకుతున్న వలసపై విల్లంబులతో దాడి చేసి ఓడిపోయారు. తుపాకుల కంటె తరువాత వచ్చిన రోగాలు వారిని ఎక్కువగా పొట్టనపెట్టుకొన్నవి. 1877 నాటి తట్టు వ్యాధి అందులో ఒకటి. ఆ జాతిలో నేడు మిగిలినవారు కొన్ని పదులమంది మాత్రమే. మానవశాస్త్ర ప్రదర్శనశాలలో వారి పనిముట్లను, పడవల నమూనాలను చూచేముందు ఈ సంగతి తెలిసి ఉండడం మంచిది.

రేవు లోపల వైపర్ దీవి ఉన్నది. గొలుసులు వేసిన ఖైదీలను ఉంచిన పాత జైలు అక్కడిదే. గుట్టపైన ఎర్రని ఉరికంబపు కట్టడం దూరానికే కనిపిస్తుంది. పడవలు ఎప్పుడు నడుస్తున్నవో ముందుగా విచారించుకొని వెళ్ళాలి. ఆ ఉరికంబం కథ ఎదురుగా ఉన్న కొండతో ముడిపడి ఉన్నది. చాథమ్ నుంచి బల్లకట్టు మీద బాంబూ ఫ్లాట్‌కు దాటి ఆ కొండ ఎక్కవచ్చు. ఎత్తు సుమారు 365 మీటర్లు. నిన్నటి మౌంట్ హారియట్, 2021 నుంచి మౌంట్ మణిపుర్. 1891 యుద్ధం తరువాత మణిపురి రాజు కులచంద్ర ధ్వజసింగ్‌ను, ఆయన సహచరులను ఇక్కడ ప్రవాసంలో ఉంచినందున ఆ పేరు. పాత ఎర్రరంగు 20 రూపాయల నోటు వెనుకనున్న కొబ్బరిచెట్ల తీరం ఈ కొండదారి నుంచి కనిపించే నార్త్ బేయే.

1872 ఫిబ్రవరి 8న వైస్రాయి లార్డ్ మేయో ఈ కొండమీద సూర్యాస్తమయం చూచి మురిసి కిందికి దిగాడు. చీకటి పడిన వేళ హోప్ టౌన్ జెట్టీ దగ్గర షేర్ అలీ అఫ్రీదీ అనే ఖైదీ అతనిని కత్తితో పొడిచి చంపాడు. మార్చి 11న షేర్ అలీని వైపర్ దీవిలో ఉరితీశారు. నేడు యాత్రికులు మెచ్చుకొనే సాయంత్రం కూడా ఆ సాయంత్రం వంటిదే.

ఇన్ని చూచిన తరువాత సెల్యులార్ జైలుకు వెళ్ళండి. అప్పుడు దాని అర్థం వేరుగా తోస్తుంది. తప్పించుకొనడానికి దారిలేని దీవిలో మళ్ళీ జైలెందుకు? మనిషిని మనిషి నుంచి వేరు చేయడానికి. నడుమ గోపురం నుంచి ఏడు విభాగాలు చక్రపు ఆకులవలె సాగుతాయి. ఒక విభాగపు గదుల ముందు భాగానికి ఎదురుగా మరొక విభాగపు వీపు ఉంటుంది. పక్క మనిషి ముఖం కనిపించదు. 1896 నుంచి 1906 వరకు దీనిని కట్టినది కూడా ఖైదీలే. గానుగ తిప్పి రోజుకు 30 పౌనుల కొబ్బరినూనె తీయడం ఇక్కడి పనులలో ఒకటి. 1933 నిరాహారదీక్షలో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నమదాస్, మోహిత్ మొయిత్రా ప్రాణాలు విడిచారు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకర వెంకటాచారి కూడా ఈ గదులలో ఉన్నవాడే. ఏడింటిలో మూడు విభాగాలే నేడు నిలిచి ఉన్నవి. 1979 ఫిబ్రవరి 11న దీనిని జాతీయ స్మారకంగా ప్రకటించారు. ఒక గదిలోకి ఒంటరిగా వెళ్ళి, కిటికీ ఎంత ఎత్తున ఉన్నదో చూడండి. ఫొటో తరువాత తీసుకోవచ్చు.

ఇక ప్రకృతి. ఊరికి దక్షిణంగా 25 కిలోమీటర్ల దూరాన చిడియా టాపూ సూర్యాస్తమయానికి ప్రసిద్ధం. గడియారం మన గడియారమే గాని దేశం తూర్పు కొసన ఉన్నందున శీతాకాలంలో సాయంత్రం అయిదు గంటలకే పొద్దుగూకుతుంది. భోజనం ముగించి తీరికగా బయలుదేరితే చీకటిని మాత్రమే చూడగలరు. పడమట వండూర్ నుంచి మహాత్మాగాంధీ సముద్ర జాతీయోద్యానానికి పడవలు పోతాయి. 1983లో ఏర్పడిన ఈ ఉద్యానంలో 15 దీవులున్నవి. జాలీ బాయ్ దీవిలో గాజు అడుగున్న పడవలోనుంచి పగడాలను చూపిస్తారు. ప్లాస్టిక్ వస్తువులను అక్కడికి తీసుకొనిపోనివ్వరు.

వండూర్ దారిలో సిప్పీఘాట్ వద్ద ఒక నిమిషం ఆగండి. 2004 డిసెంబరు 26 భూకంపంలో నేల కుంగి, సముద్రపు నీరు పొలాలలోకి వచ్చి అక్కడే నిలిచిపోయినది. నిన్నటి వరిచేలు నేడు ఉప్పుకయ్యలు. సముద్రం ఇక్కడ కేవలం దృశ్యం కాదని చెప్పడానికి అంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

తిరుగు ప్రయాణానికి ముందు వీలైతే వేకువనే జంగ్లీఘాట్ రేవుకు నడిచి వెళ్ళండి. రాత్రంతా వేటాడిన పడవలు ఒడ్డుకు చేరుతుంటాయి. ఒకనాడు తెలుగువారిని సంకెళ్ళతో తెచ్చిన నీటిమీదనే నేడు తెలుగువారు వల వేసి బ్రతుకుతున్నారు. జైలును మొదటి సాయంత్రమే చూచి వచ్చినవారికి ఆ పడవలు వట్టి చేపల పడవలుగానే కనిపిస్తాయి.