గలిలయ తీరాన ఒక రోజు

మన చర్చిల నుంచి పరిశుద్ధ దేశ యాత్రకు ఎందరో బృందాలుగా వెళ్తుంటారు. ఏళ్ల తరబడి డబ్బు కూడబెట్టుకుని బయల్దేరే పెద్దవాళ్లూ వాళ్లలో ఉంటారు. అలాంటివారి కోసమే ఈ సంచికలో గలిలయకు పెద్దపీట వేశాం.

గలిలయ సముద్రం నిజానికి మంచినీటి సరస్సు. సముద్రమట్టానికి 200 మీటర్లకు పైగా దిగువన ఉంది. చూడాల్సినవన్నీ దాని ఒడ్డున దగ్గర దగ్గరే ఉన్నాయి. తబ్గా చర్చి నేలమీద 5వ శతాబ్దపు మొజాయిక్‌లో రెండు చేపలు, వాటి నడుమ రొట్టెల బుట్ట కనిపిస్తాయి. కపెర్నహూములో తెల్లరాతి సమాజమందిరం కింద అంతకన్నా పాత నల్లరాతి పునాదులున్నాయి. 1986లో కరువుకు నీళ్లు తగ్గినప్పుడు బురదలో బయటపడ్డ పడవను గినోసార్ మ్యూజియంలో భద్రపరిచారు. దాని వయసు సుమారు 2,000 ఏళ్లు.

బస్సు దిగి, ఫొటో తీసుకుని, మళ్లీ బస్సెక్కే హడావిడిలో ఇవేవీ మనసుకు పట్టవు. బృందాలను నడిపించే పాస్టర్లకు మా మనవి ఒక్కటే: ఆ రోజు చూపించే వాటిలో ఒక చోటు తగ్గించండి. మిగిలిన చోట్ల వాక్యం చదువుకోడానికి, మోకాళ్ల నొప్పులున్న అమ్మలు కాసేపు కూర్చోడానికి సమయమివ్వండి.

ప్రయాణానికి సిద్ధమవుతున్న ప్రతి ఒక్కరికీ ఈ పుటలు తోడుగా ఉండాలని మా ఆశ.

— సంపాదకుడు