సైకిలు రేపటి బిడ్డకు కాదు, ఈరోజు బిడ్డకు కొనండి

వేసవి సెలవులు మొదలయ్యాయంటే మా క్యాజువాలిటీకి రెండు రకాల పిల్లలు ఎక్కువగా వస్తారు. మామిడిచెట్టు మీది నుంచి పడినవారు కొందరు, సైకిలు మీది నుంచి పడినవారు కొందరు. చెట్ల సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాము. ఇప్పుడు ప్రతి పిల్లవాడూ అడుగుతున్న లావు టైర్ల సైకిలు గురించి, అంటే అంగళ్లలో ఎం.టి.బి. అనీ మౌంటెన్ బైక్ అనీ అమ్మే సైకిలు గురించి, మా వార్డుల్లో చూసినదాన్నిబట్టి నాలుగు మాటలు చెప్పదలచాము.

కొన్నేళ్ల క్రితం ఒక సాయంత్రం తొమ్మిదేళ్ల బాబును తల్లి ఎత్తుకుని వచ్చింది. "ఏం లేదు సిస్టరమ్మా, పొద్దున సైకిలు మీద నుంచి పడినాడు. రక్తం కూడా రాలేదు. మధ్యాన్నం నుంచి అన్నం ముట్టకుండా వాంతులు చేసుకుంటా ఉండాడు" అన్నది. "యాడ తగిలింది నాయనా?" అని అడిగితే వాడు చొక్కా పైకెత్తాడు. బొడ్డుకు కొంచెం పైన రూపాయి బిళ్లంత గుండ్రటి ఎర్రమచ్చ. అంతే. పడేటప్పుడు హ్యాండిల్ మొన పొట్టలో గుచ్చుకుంది. స్కానింగు తీసి, డాక్టరుగారు ఆ రాత్రే ఆపరేషను చేయవలసి వచ్చింది. లోపల పేగు చిట్లింది. బిడ్డ బతికాడు గాని ఇంటికి వెళ్లడానికి మూడు వారాలు పట్టింది.

వరండాలో కూర్చున్న తండ్రి మాతో అన్న మాట మేము ఇప్పటికీ మరచిపోలేదు. "ఎదిగే బిడ్డ కదమ్మా, రెండు మూడేండ్లు పనికొస్తాదని పెద్దదే కొంటిమి." అది 26 అంగుళాల చక్రాల సైకిలు. సీటు మీద కూర్చుంటే వాడి కాలి మునివేళ్లు కూడా నేలకు అందవు. హ్యాండిల్ చివర రబ్బరు గ్రిప్పు చిరిగిపోయి ఇనుప గొట్టం బయటపడి ఉంది. ఆ తండ్రి నిర్లక్ష్యపు మనిషి కాదు. పాల డబ్బులు నెలనెలా దాచి, బిడ్డ కోరిక తీర్చినవాడు. ఆయన చేసినది మనమందరమూ చేసే పనే.

చొక్కా వేరు, సైకిలు వేరు

మన ఇళ్లలో పిల్లలకు ఏది కొన్నా ఒక సైజు పెద్దది కొనడం అలవాటు. అది పొదుపు అని మన పెద్దలు నేర్పారు. చొక్కా వదులైతే చేతులు మడుచుకుంటాడు. చెప్పులు పెద్దవైతే ఈడ్చుకుంటూ నడుస్తాడు. సైకిలు పెద్దదైతే మాత్రం పడతాడు. ఆపవలసిన చోట కాళ్లు నేలకు అందవు, చెయ్యి బ్రేకుకు అందదు. రెండేళ్ల తర్వాత సరిపోయే సైకిలు ఆ రెండేళ్లూ సరిపోని సైకిలే. కొత్తగా నేర్చుకునే రోజులు, ఎక్కువగా పడే రోజులు కూడా ఆ రెండేళ్లే.

"మా కాలంలో గంటకింత అని అద్దె సైకిళ్లు తెచ్చుకుని, బారు కింద నుంచి కాలు దూర్చి దొంగ తొక్కుడు తొక్కలేదా? మాకేమైంది?" అని తాతలు అడుగుతారు. నిజమే, మేమూ అలాగే నేర్చుకున్నాము. కానీ దొంగ తొక్కుడు తొక్కేవాడు సీటు ఎక్కడు. నేలకు దగ్గరగానే ఉంటాడు, పడబోతే దూకేస్తాడు. పైగా ఆనాడు మన ఊరి దారిలో వచ్చేది ఎద్దులబండి, పొద్దుకు రెండుసార్లు బస్సు. ఈనాడు తిరుపతిలోగాని చిత్తూరులోగాని సందు దాటితే ఆటోలు, మోటారు సైకిళ్లు, ట్రాక్టర్లు. పడిన పిల్లవాడికి లేచే వ్యవధి కూడా ఉండదు.

పేరు చూసి మోసపోవద్దు

ఈ మౌంటెన్ బైక్ అనేది 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టింది. అక్కడి కుర్రవాళ్లు పాత బరువైన సైకిళ్లకు మార్పులు చేసి టామల్‌పైస్ అనే కొండ మీది నుంచి మట్టిదారిలో దిగేవారు. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి అది ఒక క్రీడ అయింది. మన అంగళ్లలో ఆ పేరుతో దొరికే వాటిలో చాలావరకు కొండలు దిగే సైకిళ్లు కావు, ఆ రూపం ఉన్న మామూలు సైకిళ్లు. అందులో తప్పు లేదు. మనకు కావలసింది రూపం కాదు, పనికొచ్చే గుణాలు.

లావు టైరు నిజంగా మంచి గుణం. మన పల్లెల్లో గులకరాళ్ల దారులు, చెరువు కట్టలు, మామిడితోటల బాటలు ఉన్నాయి. సన్నటి టైరు అక్కడ జారుతుంది. పల్లేరుకాయలు, సర్కారు తుమ్మ ముళ్లు మాత్రం లావు టైరునూ వదలవు. కాబట్టి పంక్చరు వేసే అంగడి ఎంత దూరంలో ఉందో, ఆ సైజు ట్యూబు అక్కడ దొరుకుతుందో లేదో కొనేముందే కనుక్కోండి.

పిల్లలు ముందు చూసేది మధ్యలో ఉండే లావు స్ప్రింగు. దాన్నే డబుల్ షాకప్ అంటారు. చవక సైకిళ్లలో అది ఇచ్చే సుఖం కొంచెం, పెంచే బరువు చాలా. బరువు సంగతి ఒక లెక్కతో చెబుతాము. 26 కిలోల పిల్లవాడికి 16 కిలోల సైకిలు ఇవ్వడమంటే 60 కిలోల పెద్దమనిషికి 37 కిలోల సైకిలు ఇచ్చినట్టు. మనలో ఎవరైనా దాన్ని తొక్కుకుంటూ మిట్ట ఎక్కగలమా? స్ప్రింగు లేని సైకిలు తేలిక, ధర తక్కువ, చెడేదీ తక్కువే.

గేర్ల విషయం కూడా అంతే. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు గేర్లు అవసరం లేదు. కళ్లు దారి మీద ఉండవలసిన వయసులో గేరు మీద ఉంటాయి. దారిలో ఎక్కుడు, దిగుడు బాగా ఉంటే, పిల్లవాడికి తొమ్మిది, పదేళ్లు దాటితే, వెనక చక్రానికి మాత్రం ఆరేడు గేర్లుంటే చాలు. ఇరవై ఒక్క గేర్లున్నా పిల్లలు వాడేది నాలుగైదే. అవి పాడైతే బాగుచేయగలవారు మన పల్లెల్లో అరుదు.

కొనేటప్పుడు చూడవలసినవి

పిల్లవాడి వయసు చెప్పి సైకిలు అడగకండి. ఒకే తరగతిలో పొడుగువాడూ ఉంటాడు, పొట్టివాడూ ఉంటాడు. ఎత్తు కొలవండి. సుమారుగా 115 సెంటీమీటర్ల నుంచి 130 వరకు 20 అంగుళాల చక్రం, 130 నుంచి 145 వరకు 24 అంగుళాల చక్రం, ఆ పైన 26 అంగుళాలది సరిపోతుంది. ఇది మొదటి అంచనా మాత్రమే. పిల్లవాణ్ణి అంగడికి తీసుకువెళ్లి ఈ పరీక్షలు తప్పక చేయండి. వాడికి తెలియకుండా కొని ఆశ్చర్యపరచాలని అనుకోకండి.

1. సీటుకు ముందు, బారుకు అటూ ఇటూ రెండు కాళ్లు వేసి నిలబడమనండి. పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి. బారుకూ గజ్జకూ మధ్య కనీసం రెండు అంగుళాలు, రాళ్ల దారిలో తొక్కేవాడికి మూడు అంగుళాలు ఖాళీ ఉండాలి.

2. సీటు మీద కూర్చోమనండి. కొత్తగా నేర్చుకునేవాడికి రెండు పాదాలూ నేలకు ఆనాలి. బాగా వచ్చినవాడికి మునివేళ్లు ఆనితే చాలు. పెడలు కిందికి వెళ్లినప్పుడు మోకాలు కొంచెం వంగి ఉండాలి.

3. హ్యాండిల్ పట్టుకుని, చెయ్యి తీయకుండా వేళ్లతో రెండు బ్రేకులూ నొక్కమనండి. చిన్న చేతికి బ్రేకు లివరు అందకపోతే అంగడివారిని స్క్రూ బిగించి దగ్గరకు జరపమనండి. అలా కుదరకపోతే ఆ సైకిలు వద్దు. బొమ్మలకన్నా, రంగులకన్నా ఇది ముఖ్యం.

4. పడుకోబెట్టిన సైకిలును వాడే లేపి నిలబెట్టగలగాలి.

5. హ్యాండిల్ రెండు చివరలకూ గ్రిప్పులు పూర్తిగా, మూతి మూసి ఉండాలి. అవి చిరిగితే ఆరోజే మార్చండి. కొద్ది రూపాయల రబ్బరు ముక్క ఒక ఆపరేషనును తప్పించవచ్చు.

తలకు హెల్మెట్ కూడా సైకిలుతోపాటే కొనండి. కనుబొమలకు రెండు వేళ్ల పైన కూర్చోవాలి, గడ్డం కింద పట్టీ బిగించాలి. క్యారియర్ మీద తమ్ముణ్ణో చెల్లెలినో కూర్చోబెట్టుకోవద్దని చెప్పండి. చక్రం పుల్లల్లో చిన్న పాదాలు పడి మడమలు చీలిన కేసులు మేము లెక్కలేనన్ని చూశాము.

డబ్బు మాట

"రెండేళ్లకొక సైకిలు కొనడానికి మాకు తోటలున్నాయా అమ్మా?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కొత్తదే కొనాలని మేము అనడం లేదు. సరైన సైజులో, బ్రేకులు బాగున్న పాత సైకిలు, సైజు పెద్దదైన కొత్త సైకిలుకన్నా వెయ్యి రెట్లు మేలు. అన్న చొక్కాలు తమ్ముడికి ఇచ్చినట్టే, పెద్దమ్మ కొడుక్కు చిన్నదైన సైకిలు పిన్నమ్మ కొడుక్కు రావాలి. ప్రతి వీధిలోనూ రెండు మూడు చిన్న సైకిళ్లు మిద్దె మీద తుప్పు పట్టి ఉన్నాయి. సంఘంలోనో బడిలోనో సంవత్సరానికి ఒకరోజు వాటిని బయటకు తీసి, బాగుచేయించి, సైజును బట్టి మార్చుకుంటే ఎవరి మీదా భారం పడదు. పెద్దలు ఈ పని తలపెడితే, పిల్లల ఎత్తులు కొలవడానికి మా నర్సులు వస్తారు.

సీటు గొట్టం పొడవుగా ఉన్న సైకిలు ఎంచుకుంటే పిల్లవాడితోపాటు కొంతకాలం పెరుగుతుంది. గొట్టం మీద ఒక గీత ఉంటుంది. అది బయటకు కనబడేంత పైకి మాత్రం లేపరాదు.

ఆడపిల్లల గురించి

2018 ప్రాంతంలో మన రాష్ట్ర ప్రభుత్వం 'బడికొస్తా' పథకం కింద ప్రభుత్వ పాఠశాలల్లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చింది. బీహారులో 2006లోనే ఇలాంటి పథకం మొదలైంది. సైకిలు వస్తే ఆడపిల్ల చదువు ఆగదని ప్రభుత్వాలకు తెలిసింది. మన ఇళ్లకు మాత్రం ఇంకా పూర్తిగా తెలియలేదు. కొడుక్కు గేర్ల సైకిలు కొని, కూతురు పెద్దమనిషి కాగానే ఉన్న సైకిలును కూడా మూలపెట్టించే తల్లులు మా దగ్గరకు వస్తారు. సైకిలు తొక్కడం వల్ల గర్భసంచికి ఏ చేటూ లేదు. నెలసరి రోజుల్లోనూ ఒంట్లో బాగుంటే తొక్కవచ్చు. ఇచ్చిన సైకిలు అందరికీ ఒకే సైజు అయినప్పుడు, పొట్టి పిల్లకు సీటు దించి, బ్రేకు దగ్గరకు జరిపి ఇవ్వండి.

దెబ్బ తగిలితే

పొట్టకు హ్యాండిల్ తగిలిందని బిడ్డ చెబితే, పైకి గాయం లేకపోయినా తేలికగా తీసుకోకండి. కొన్ని గంటల తర్వాత నొప్పి, వాంతులు, ముఖం పాలిపోవడం, భుజంలో నొప్పి మొదలుకావచ్చు. తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. "హ్యాండిల్ పొట్టకు తగిలింది" అన్న మాట మొదటే చెప్పండి. తలకు తగిలి మత్తుగా ఉన్నా, వాంతులవుతున్నా అంతే.

మోచెయ్యి వాస్తే మన ప్రాంతంలో చాలామందికి మొదట గుర్తొచ్చేది పుత్తూరు కట్టు. తరతరాల నమ్మకం అది, మేము ఎవరినీ తక్కువ చేయడం లేదు. కానీ పిల్లల మోచేతి ఎముక విరిగితే పక్కనే ఉన్న రక్తనాళం నలగవచ్చు. వేళ్లు చల్లబడినా, తెల్లబడినా, తిమ్మిరెక్కినా గంటలు ముఖ్యం. ముందు ఎక్స్‌రే తీయించండి. గీసుకున్న గాయాలకు కాఫీపొడి, పేడ పెట్టకండి. సబ్బుతో, ధారగా నీళ్లతో కడగండి. పదేళ్లకూ పదహారేళ్లకూ వేసే టి.డి. టీకా వేయించారా లేదా చూసుకోండి.

ఇంత చెప్పామని సైకిలే వద్దనుకోకండి. రోజంతా సెల్‌ఫోను పట్టుకుని కూర్చునే బిడ్డకన్నా, మోకాళ్లు గీసుకుని ఇంటికొచ్చే బిడ్డను చూస్తే మాకు ఎక్కువ సంతోషం. సైకిలు కొనండి, తొక్కనివ్వండి, వెనక పట్టుకుని పరుగెత్తండి. మా వార్డులో మూడు వారాలున్న ఆ బాబు మరుసటి ఏడాది అన్నం తెచ్చే వాళ్ల మామ వెంట మమ్మల్ని చూడటానికి వచ్చాడు. తండ్రి పెద్ద సైకిలును అమ్మేసి, ఎవరో వాడిన 20 అంగుళాలది కొనిచ్చాడట. "దీన్ని ఎక్కితే కాళ్లు అందుతాయి సిస్టర్" అన్నాడు. మేము చెప్పదలచినది కూడా అంతే. బిడ్డ కాళ్లు ఈరోజు నేలకు అందాలి.