ఆగమన్న జాగ్రత్త

టీబీ, హెచ్‌ఐవీ రెండూ ఉన్న మనిషికి ముందు దేనికి మందివ్వాలి? ఇరవై ఏళ్ల కిందట దక్షిణాఫ్రికాలో చాలామంది డాక్టర్లు, ముందు టీబీ తగ్గనిద్దాం, హెచ్‌ఐవీ మందుల (ఏఆర్‌టీ) సంగతి తర్వాత చూద్దాం అనేవారు. వాళ్ల భయాలు ఉత్తుత్తివి కావు. టీబీకి వాడే రిఫాంపిసిన్ కొన్ని హెచ్‌ఐవీ మందుల బలాన్ని తగ్గిస్తుంది. మింగాల్సిన మాత్రలు గుప్పెడవుతాయి. పైగా అణగారిన రోగనిరోధక శక్తి ఉన్నట్టుండి పుంజుకుంటే, ఒంట్లోని టీబీ క్రిముల మీద విరుచుకుపడి రోగి పరిస్థితి ఇంకా దిగజారవచ్చు. అందుకే టీబీ కోర్సు ముగిసేదాకా, అంటే కనీసం ఆరు నెలలు, ఆగేవారు.

అలా ఆగడం క్షేమమేనా? ఈ ప్రశ్నను డర్బన్‌లో పరిశోధకుడు సలీం అబ్దుల్ కరీం బృందం 2005లో పరీక్షకు పెట్టింది. ఆ ప్రాంతంలో టీబీతో వచ్చేవారిలో ఎక్కువమందికి హెచ్‌ఐవీ కూడా ఉండేది. మొత్తం 642 మందిని తీసుకున్నారు. 429 మందికి టీబీ మందులు సాగుతుండగానే ఏఆర్‌టీ ఇచ్చేలా, 213 మందికి కోర్సు పూర్తయ్యాకే ఇచ్చేలా విభజించారు. 2008 సెప్టెంబరులో స్వతంత్ర నిపుణుల కమిటీ లెక్కలు చూసి, ఇక ఎవరినీ ఆపొద్దంది. అప్పటికి మొదటి వర్గంలో 25 మంది, అందులో సగమే ఉన్న రెండో వర్గంలో 27 మంది చనిపోయారు. కలిపి ఇస్తే మరణాలు 56 శాతం తగ్గాయని తేలింది.

ఆ 27 మందిని తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. అయితే అప్పట్లో బయట ఆస్పత్రుల్లోనూ రోగులను అలాగే ఆపేవారు. అక్కడి చావులను ఇలా పక్కపక్కన పెట్టి లెక్కగట్టినవాళ్లు లేరు. తర్వాత 2011లో ఇదే అధ్యయనం మరో సంగతి చెప్పింది: రోగనిరోధక శక్తికి కీలకమైన సీడీ4 కణాలు మైక్రోలీటరు రక్తంలో 50 కన్నా తక్కువున్నవారికి ఏఆర్‌టీ వెంటనే మొదలుపెట్టాలి, మిగతావారికి టీబీ చికిత్సలో తొలి రెండు నెలలు గడిచాక ఇస్తే ఇక్కట్లు తక్కువ. ఇంత సూక్ష్మమైన తేడా రోగులున్న చోట, ఏళ్ల తరబడి వాళ్లను కనిపెట్టుకుని ఉంటేనే దొరుకుతుంది.

అలాంటి పరిశోధన కేంద్రాలకే 2025లో అమెరికా నిధులు కోసేసింది. దక్షిణాఫ్రికాలో కొన్ని ప్రయోగాలు నడుమనే నిలిచిపోయాయి. మందు పుచ్చుకుంటున్న మనుషులను సగంలో వదిలేయడం అన్యాయం. దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఈ ఖర్చును తన బడ్జెట్‌లోకి తెచ్చుకోవాలి. హెటిరో, అరబిందో లాంటి మన హైదరాబాద్ కంపెనీల ఏఆర్‌టీ మాత్రలు ఆఫ్రికాకు వెళుతున్నాయి. ఏ మాత్ర ఎప్పుడివ్వాలో తేల్చే పరిశోధనకు ఆ కంపెనీలూ తమ వంతు సొమ్ము పెట్టాలి.